టీబీ కాని దగ్గు, గాల్జీలో చిక్కుకున్న స్టింగ్: ఒక కోపా సిండ్రోమ్ కేసు

ఏడేళ్ళ పాప. రెండు చేతుల వేళ్ళ కీళ్ళలో వాపు, ఏడాదికి పైగా వదలని పొడి దగ్గు, ఎన్ని సీసాల ఐరన్ టానిక్ పోసినా పెరగని హిమోగ్లోబిన్. కీళ్ళకి ఒక డాక్టరు, దగ్గుకి ఇంకొకరు, రక్తహీనతకి ఊళ్ళో పిల్లల డాక్టరు. మూడు సమస్యలకి మూడు ఫైళ్ళు. వాటన్నిటినీ ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని నాన్న, నానమ్మ పాపని మా పిల్లల రుమటాలజీ (కీళ్ళు, ఇమ్యూనిటీ జబ్బుల) ఓపీకి తీసుకొచ్చారు. కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా వయసు, వృత్తి లాంటి వివరాలు మార్చి రాస్తున్నాను.

చివరికి తేలిందేమిటంటే, వైరస్‌ని పసిగట్టి కణాన్ని అప్రమత్తం చేసే స్టింగ్ అనే ప్రొటీన్ తను ఉండాల్సిన చోటికి తిరిగి రావడం లేదు. ఆ ప్రొటీన్‌లో ఏ లోపమూ లేదు, ఒంట్లో వైరస్ కూడా లేదు. కణం లోపలి రవాణాలో కోపా అనే ఒక చిన్న భాగం చెడింది, దాంతో యాంటీవైరల్ స్పందన ఆగకుండా నడుస్తూనే ఉంది. పిల్లల డాక్టర్లకీ, ఊపిరితిత్తుల డాక్టర్లకీ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

పాత ఫైళ్ళలో ఉన్నది

కీళ్ళ నొప్పులు ఐదో ఏట మొదలయ్యాయి. పొద్దున్నే టూత్‌బ్రష్ పట్టుకోలేక ఏడ్చేదట, పదింటికల్లా మామూలుగా ఆడుకునేదట. స్కూలు ఎగ్గొట్టడానికి వంకలు పెడుతోందని ఇంట్లో అనుకున్నారు. తర్వాత మోకాళ్ళు కూడా వాచాయి. రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే ఆటోయాంటీబాడీ (సొంత ఒంటి మీదే తయారయ్యే యాంటీబాడీ) పాజిటివ్ రావడంతో జువెనైల్ ఆర్థరైటిస్, అంటే పిల్లల కీళ్ళవాతం అని మెథోట్రెక్సేట్, కొద్దిగా స్టెరాయిడ్ మొదలుపెట్టారు. వాపు తగ్గింది. స్టెరాయిడ్ తగ్గించగానే మళ్ళీ వచ్చింది.

ఐదేళ్ళ పిల్లకి రుమటాయిడ్ ఫ్యాక్టర్ పాజిటివ్ ఆర్థరైటిస్ అంటే నాకు మనసు ఒప్పదు. ఆ రకం మామూలుగా పదేళ్ళు దాటిన ఆడపిల్లల్లో చూస్తాం. అంత చిన్న వయసులో కనిపిస్తే దగ్గు లేకపోయినా సరే ఛాతీ చూడకుండా వదలను.

ఈ పాపకి దగ్గు మొదలయ్యాకే ఎక్స్‌రే తీశారు. రెండు పక్కలా మచ్చలు. బరువు పెరగని పిల్ల, దగ్గు, పైగా స్టెరాయిడ్ వాడకం. మన దగ్గర ఎవరైనా మొదట టీబీనే అనుకుంటారు, అనుకోవాలి కూడా. కడుపులోంచి తీసిన నమూనాలో సీబీనాట్ (టీబీ క్రిమి జన్యు పరీక్ష) నెగెటివ్ వచ్చినా ఆరు నెలల టీబీ కోర్సు ఇచ్చారు. కోర్సు మధ్యలో దగ్గు కాస్త తగ్గడంతో మందు పనిచేస్తోందని అందరూ నమ్మారు. కానీ మూడు ఫైళ్ళలోని తేదీలన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకుంటే వేరే సంగతి బయటపడింది. దగ్గు తగ్గిన వారాల్లోనే కీళ్ళ కోసం ఇంకో డాక్టరు స్టెరాయిడ్ మోతాదు పెంచారు. ఊపిరితిత్తులకి ఊరటనిచ్చింది అది. టీబీ మందుల ఫైల్లో ఆ స్టెరాయిడ్ ప్రస్తావనే లేదు.

పరీక్షలో

పాప సన్నగా, పాలిపోయి ఉంది. గోళ్ళు ఉబ్బి గుండ్రంగా తిరిగాయి, అంటే క్లబ్బింగ్. మామూలు ఆర్థరైటిస్‌లో అది రాదు. వేళ్ళ మధ్య కీళ్ళు, మణికట్లు వాచి వెచ్చగా ఉన్నాయి. వీపు కింది భాగంలో స్టెతస్కోప్ పెడితే సన్నని చిటపటలు. కూర్చున్నప్పుడు ఆక్సిజన్ 96 ఉంది, వరండాలో నాలుగు చుట్లు నడిపిస్తే 89కి పడింది. చెవి అంచులు, బుగ్గలు, ముక్కు కొన, వేళ్ళ చివర్లు జాగ్రత్తగా చూశాను. ఎక్కడా మచ్చ గానీ పుండు గానీ లేదు. అవి ఎందుకు వెతికానో తర్వాత చెప్తాను.

అప్పుడే, ఫైలు అందిస్తున్న నానమ్మ చేతి మీద చూపు పడింది. వేళ్ళన్నీ చిటికెన వేలి వైపు వాలిపోయి ఉన్నాయి.

"పెళ్ళినాటికే ఇట్లున్నయి డాక్టరమ్మా, వాతం" అంది.

"ఆయాసం ఉందా అమ్మా?"

"కట్టెల పొయ్యి పొగ మింగినదాన్ని, ఉండదా?"

పాప నాన్న ఆర్టీసీలో కండక్టర్. జలుబుకి కూడా సెలవు పెట్టింది లేదట. నానమ్మకి కీళ్ళు, ఆయాసం. మధ్యలో నాన్న పూర్తి ఆరోగ్యంగా. మనవరాలికి మళ్ళీ కీళ్ళు, ఊపిరితిత్తులు. ఒక తరం దాటి వచ్చింది కాబట్టి వంశపారంపర్యం కాదని చాలామంది కొట్టిపారేస్తారు. ఫ్యామిలీ హిస్టరీ గడిలో మూడు ఫైళ్ళలోనూ "ఏమీ లేదు" అనే ఉంది. తల్లిదండ్రుల వరకే అడిగి ఉంటారు.

రక్తం ఎక్కడికి పోతోంది?

హిమోగ్లోబిన్ 7.8. ఐరన్ నిల్వలు అడుగంటాయి. మలంలో రక్తం లేదు, నులిపురుగుల మందు చాలాసార్లే పడింది. ఏఎన్‌ఏ అనే ఆటోయాంటీబాడీ పాజిటివ్. రక్తనాళాల వాపు జబ్బుల్లో కనిపించే ఆంకా పరీక్ష కొద్దిగా పాజిటివ్, కానీ దాన్ని నిర్ధారించే ఎంపీఓ, పీఆర్3 రెండూ నెగెటివ్. మూత్రం శుభ్రంగా ఉంది, ఈ జబ్బుల్లో కిడ్నీ ఎప్పుడైనా దెబ్బతినొచ్చు కాబట్టి అది ముఖ్యం. సీటీలో పొగమంచులాంటి నీడలు, అక్కడక్కడా చిన్న గాలి సంచులు.

ఊపిరితిత్తుల్లో నెమ్మదిగా రక్తం కారుతుంటే పెద్దవాళ్ళు దగ్గి కక్కుతారు, మనకి తెలుస్తుంది. చిన్నపిల్లలు కళ్ళె ఉమ్మరు, మింగేస్తారు. చాలాసార్లు అది గొంతు దాకా రానే రాదు. బయటికి కనిపించేది రక్తహీనత ఒక్కటే. టానిక్ ద్వారా ఎక్కించిన ఐరన్ అంతా ఊపిరితిత్తుల్లో పేరుకుపోతుంటే రిపోర్టులో అంకె ఎలా పెరుగుతుంది? దగ్గు, తగ్గని ఐరన్ లోపం కలిసి ఉన్న పిల్లల్లో ఈ ప్రశ్న వేసుకోవాలి.

బ్రాంకోస్కోపీ చేశాం. ఒకే చోట సెలైన్ పోసి వెనక్కి లాగుతూ మూడు సీసాలు నింపాం. మొదటిది గులాబీ రంగులో ఉంది, రెండోది ఇంకొంచెం ముదురు, మూడోది ఎర్రగా వచ్చింది. గొట్టం తగిలి రక్తం వస్తే పోనుపోను పలచబడుతుంది. ఇలా పోనుపోను ఎర్రబడితే రక్తం గాలి గదుల్లోంచే వస్తున్నట్టు. పాథాలజీలో ఐరన్‌కి వేసే రంగు వేస్తే చెత్తని మింగే మాక్రోఫేజ్ కణాలు నీలంగా నిండిపోయాయి. రక్తాన్ని మింగి అవి అలా మారడానికి రెండు మూడు రోజులైనా పడుతుంది కాబట్టి ఇది నిన్నా మొన్నటి రక్తస్రావం కాదు. టీబీ కల్చర్ నెగెటివ్.

స్టెరాయిడ్‌ని ఎక్కువ మోతాదులో మూడు రోజులు నరంలోకి ఎక్కించాం. ఆక్సిజన్ నిలబడింది.

ఇక్కడ మా టీమ్‌లో వాదన జరిగింది. ఆంకా పాజిటివ్ కాబట్టి వాస్కులైటిస్ (రక్తనాళాల వాపు) అనుకుని, ఇమ్యూనిటీ బీ కణాల్ని తగ్గించే రిటుక్సిమాబ్ ఇద్దామని ఊపిరితిత్తుల డాక్టరు అన్నారు. తప్పు ఆలోచన కాదు, అప్పటికి చేతిలో ఉన్న ఆధారాలతో నేనైనా అటే మొగ్గేదాన్ని. కానీ ఐదేళ్ళకే మొదలు కావడం, కీళ్ళు, ఊపిరితిత్తులు కలిసి రావడం, ఒకటికి మించి ఆటోయాంటీబాడీలు, నానమ్మ వేళ్ళు, ఇవన్నీ కలిపి చూస్తే ఒక జన్యువు పేరు నా మనసులో మెదిలింది. పాప నిలకడగా ఉంది కాబట్టి కొన్ని వారాలు ఆగడానికి ఒప్పుకున్నారు. పాపకీ తల్లిదండ్రులకీ కలిపి ఎక్సోమ్ పరీక్ష (ప్రొటీన్లకి సంబంధించిన జన్యు భాగాలన్నిటినీ చదివేది) పంపాం.

ఇంకో నమూనా కూడా తీశాం, ఇంటర్ఫెరాన్ కోసం. వైరస్ వస్తే కణాలు విడుదల చేసే హెచ్చరిక ప్రొటీన్ అది. రక్తంలో ఇంటర్ఫెరాన్‌ని నేరుగా కొలవడం కష్టం, అంత తక్కువగా ఉంటుంది, తొందరగా మాయమవుతుంది. దానికి బదులు ఇంటర్ఫెరాన్ తగిలినప్పుడు తెల్లరక్త కణాల్లో తెరుచుకునే ఐఎఫ్‌ఐ27, ఐఎస్‌జీ15, సిగ్లెక్1 లాంటి జన్యువులు ఎంత చురుగ్గా ఉన్నాయో కొలుస్తారు. ఆర్‌ఎన్‌ఏ చెడిపోకుండా కాపాడే ప్రత్యేకమైన ట్యూబులో రక్తం తీసి, ఒక పరిశోధన ల్యాబ్‌కి ఐస్‌లో పంపాం. ఒక్కసారి చేసిన ఫలితాన్ని నేను నమ్మను. మామూలు జలుబున్నా స్కోరు ఎగబాకుతుంది. రెండు వారాల తేడాతో, జ్వరం, జలుబు లేని రోజుల్లో రెండుసార్లు తీశాం. రెండుసార్లూ బాగా ఎక్కువ. అంటే పాప ఒళ్ళు వైరస్‌తో పోరాడుతున్నట్టు ప్రవర్తిస్తోంది, వైరస్ పరీక్షలేమో అన్నీ ఖాళీ.

ఎక్సోమ్ రిపోర్టు: కోపా జన్యువులో ఒక మార్పు, 233వ స్థానంలో ఆర్జినిన్‌కి బదులు హిస్టిడిన్. నాన్న నుంచి వచ్చింది. తర్వాత నానమ్మని పరీక్షిస్తే ఆవిడలోనూ ఉంది.

స్టింగ్ ఎక్కడుంటే ఏమవుతుంది?

ఎంబీబీఎస్ ఫస్టియర్‌లో గాల్జీ అంటే మాకు నాలుగు మార్కుల ప్రశ్న. బొమ్మ గీసి, ప్రొటీన్లని ప్యాక్ చేసి పంపుతుంది అని రాసి వదిలేసేవాళ్ళం. ఓపీలో దాంతో పని పడుతుందని ఎవరనుకుంటారు?

వైరస్ డీఎన్‌ఏ కణం లోపల, కేంద్రకం బయట తేలితే సీగ్యాస్ అనే ఎంజైమ్ దాన్ని పట్టుకుంటుంది. పట్టుకుని సీజీఏఎమ్‌పీ అనే చిన్న అణువుని తయారుచేస్తుంది. అది వెళ్ళి స్టింగ్ అనే ప్రొటీన్‌కి అతుక్కుంటుంది. స్టింగ్‌ని 2008లో గ్లెన్ బార్బర్ బృందం ప్రపంచానికి చూపించింది, సీగ్యాస్‌ని 2013లో జేమ్స్ చెన్ బృందం ప్రచురించింది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు: డీఎన్‌ఏ దొరికింది, స్టింగ్ మేల్కొంది, ఇంటర్ఫెరాన్ వచ్చింది. అసలు సంగతి మధ్యలో ఉంది.

స్టింగ్ స్థిర నివాసం కణంలో చాలా ప్రొటీన్లు తయారయ్యే ఎండోప్లాస్మిక్ రెటిక్యులం, అంటే ఈఆర్ పొర. సీజీఏఎమ్‌పీ తగిలినా అక్కడ కూర్చుని అది ఏ సంకేతమూ ఇవ్వలేదు. ముందు కాప్2 అనే ప్రొటీన్ తొడుగున్న చిన్న బుడగలో ఎక్కి ఈఆర్ నుంచి బయటపడాలి, గాల్జీకి చేరాలి. గాల్జీలో దాని 88, 91 స్థానాల్లోని సిస్టీన్లకి పాల్మిటేట్ అనే కొవ్వు తోక తగులుతుంది. అప్పుడే స్టింగ్‌లు గుంపుగా చేరతాయి, టీబీకే1 అనే కైనేజ్ వచ్చి 366వ స్థానంలోని సెరీన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఆ ఫాస్ఫేట్‌ని చూసి ఐఆర్‌ఎఫ్3 అనే ప్రొటీన్ వచ్చి వాలుతుంది, తనూ ఫాస్ఫేట్ వేయించుకుని కేంద్రకంలోకి పోయి ఇంటర్ఫెరాన్ బీటా జన్యువుని తెరుస్తుంది. పని అయ్యాక స్టింగ్ కణం చెత్తని కరిగించే లైసోజోమ్‌కి వెళ్ళి నాశనమవుతుంది. స్పందన అలా ఆగుతుంది.

ప్రయాణమే స్విచ్ అనడానికి రుజువేమిటి? బ్రెఫెల్డిన్ అనే రసాయనం ఈఆర్ నుంచి గాల్జీకి రాకపోకల్ని ఆపేస్తుంది. అది వేస్తే సీజీఏఎమ్‌పీ ఎంత ఉన్నా ఇంటర్ఫెరాన్ రాదు. ఇంకో రుజువు మనుషుల జబ్బుల్లోనే దొరికింది. 2014లో అమెరికా ఎన్‌ఐహెచ్ నుంచి రఫేలా గోల్డ్‌బాక్ మాన్స్కీ బృందం ఆరుగురు పిల్లల్లో సావి అనే జబ్బుని వివరించింది. వాళ్ళకి స్టింగ్ ప్రొటీన్‌లోనే మార్పు ఉంది. ఆ మారిన స్టింగ్ ఎవరూ పిలవకుండానే ఈఆర్ వదిలి గాల్జీ వైపు వెళ్ళిపోతుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. ఆ పిల్లలకి ఊపిరితిత్తుల జబ్బుతో పాటు చెవులు, బుగ్గలు, ముక్కు, వేళ్ళ చివర్లు చలికి పుండ్లు పడి దెబ్బతింటాయి. మా పాపలో నేను వెతికింది అదే. చర్మం శుభ్రంగా ఉండటంతో స్టింగ్ దారిలోనే ఇంకెక్కడో తేడా ఉండి ఉంటుందనిపించింది.

ఇప్పుడు కోపా దగ్గరికి వద్దాం. గాల్జీ నుంచి ఈఆర్‌కి తిరుగు ప్రయాణం కట్టే బుడగలకి కాప్1 అనే తొడుగు ఉంటుంది. కొన్ని ప్రొటీన్లు కలిసి ఆ తొడుగు తయారవుతుంది, అందులో ఆల్ఫా భాగమే కోపా. వైరస్ లేనప్పుడు కూడా కొద్దికొద్దిగా స్టింగ్ మామూలు రద్దీలో కలిసి గాల్జీకి జారుకుంటూనే ఉంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు వెనక్కి తేవాలి. ఏ సరుకు వెనక్కి రావాలో కోపా దాని తోక చివరి లైసిన్ల జతని చూసి గుర్తుపడుతుంది. స్టింగ్‌కి అలాంటి తోక లేదు. సర్ఫ్4 అనే మధ్యవర్తికి ఉంది. సర్ఫ్4 ఒక చేత్తో స్టింగ్‌ని, ఇంకో చేత్తో కోపాని పట్టుకుంటుందన్నమాట. మా పాపలో మారిన 233వ స్థానం సరిగ్గా కోపా సరుకుని పట్టుకునే భాగంలో ఉంది. పట్టు జారింది. స్టింగ్ గాల్జీలోనే పోగుపడింది, పాల్మిటేట్ తగిలింది, టీబీకే1 వచ్చేసింది. వైరస్ లేదు, డీఎన్‌ఏ లేదు, అయినా ఇంటర్ఫెరాన్.

దీన్ని నాన్నకి కాగితం మీద గీసి చెప్పాను. కాసేపు చూసి ఆయన అన్నారు: "అంటే రిటర్న్ సర్వీసు క్యాన్సిలైంది మేడం. బస్సులన్నీ అవతలి బస్టాండులో నిలబడి హారన్లు కొడుతున్నయి, అంతేనా?" అంతే. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

ఇదంతా ఒక్కసారిగా తెలిసింది కాదు. 2015లో ఐదు కుటుంబాల్లో కోపా మార్పుల్ని మొదటిసారి వివరించినప్పుడు ఈఆర్ మీద ఒత్తిడి, టీ కణాల దిశ మారడం లాంటివే కారణాలుగా రాశారు. ఇంటర్ఫెరాన్ గుర్తులు తర్వాత బయటపడ్డాయి, స్టింగ్‌తో ముడి 2020లో పడింది. కోపా మార్పు ఉన్న ఎలుకల్లో స్టింగ్‌ని తీసేస్తే ఇన్‌ఫ్లమేషన్ తగ్గిపోయింది. నన్ను ఒప్పించిన ప్రయోగం అదే. కొన్ని రకాల కణాల్లో సీగ్యాస్ తీసేసినా సిగ్నల్ తగ్గుతోంది కాబట్టి కణం సొంత డీఎన్‌ఏ కూడా కొంత ఎగదోస్తోందా అన్న చర్చ నడుస్తూనే ఉంది. వైద్యం ఎంపికలో ఇప్పటికి దానివల్ల తేడా ఏమీ రాదు.

ప్రయాణం అసలు జరగకపోతే

మా పాపది ఆగని సంకేతం. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన జబ్బు 2006లోనే దొరికింది. ఫ్రాన్స్‌లో జాన్ లారెంట్ కాసనోవా బృందం, హెర్పిస్ వైరస్ వల్ల మెదడువాపు వచ్చిన ఇద్దరు పిల్లల్ని పరిశీలించింది. ఇద్దరిదీ ఒకే కుటుంబం కాదు. మిగతా ఇన్‌ఫెక్షన్లని మామూలుగానే తట్టుకున్న పిల్లలు. పెదవి మీద పొక్కుతో పోవాల్సిన వైరస్ వీళ్ళ మెదడుకి ఎందుకెక్కింది? ఇద్దరిలోనూ యూఎన్‌సీ93బీ1 అనే ప్రొటీన్ లేదు. వైరస్ ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏలని గుర్తుపట్టే టీఎల్‌ఆర్3, 7, 8, 9 ఈఆర్‌లో తయారవుతాయి, పనిచేసేది మాత్రం బయటి సరుకుని కణం లోపలికి తెచ్చే సంచి ఎండోజోమ్‌లో. అక్కడికి చేర్చేది ఈ యూఎన్‌సీ93బీ1. చేర్చే ప్రొటీన్ లేకపోతే గుర్తుపట్టే ప్రొటీన్లు చక్కగా తయారై కూడా దండగే. మరుసటి ఏడాదే టీఎల్‌ఆర్3లో లోపమున్న పిల్లల్లోనూ ఇదే మెదడువాపు చూపించారు.

హెర్పిస్ మెదడువాపుతో పిల్ల వచ్చినప్పుడు మనం ఎసైక్లోవిర్ ఇస్తాం, బతికితే సంతోషిస్తాం, ఫైలు మూసేస్తాం. రెండోసారి వచ్చినా, తోబుట్టువుకి వచ్చినా జన్యు పరీక్ష అడగాలి.

ఈ రవాణా మార్గాల సంగతి వైరస్‌లకి మనకంటే ముందే తెలుసు. సైటోమెగలో వైరస్ తన యూఎల్82 ప్రొటీన్‌తో స్టింగ్‌ని ఈఆర్ దాటనివ్వదు. ఎబోలా ప్రొటీన్ వీపీ24 ఇంకాస్త ముందుకెళ్ళి, ఇంటర్ఫెరాన్ సంకేతాన్ని కేంద్రకంలోకి మోసుకెళ్ళాల్సిన స్టాట్1కి దారి మూసేస్తుంది. కోవిడ్ వైరస్ ఓఆర్‌ఎఫ్6 ప్రొటీన్ కేంద్రకం ద్వారాల దగ్గరే కాపు కాస్తుంది. ఇన్ని వేర్వేరు వైరస్‌లు గుర్తుపట్టే ప్రొటీన్‌నే కాకుండా దాని దారిని కూడా పట్టుకున్నాయంటే, అక్కడ కొడితే గట్టి దెబ్బ తగులుతుందన్నమాట.

వైద్యం

రిటర్న్ సర్వీసుని మళ్ళీ నడిపే మందు లేదు. స్టింగ్ 91వ సిస్టీన్‌కి అడ్డంపడి పాల్మిటేట్ తగలకుండా చేసే హెచ్-151 లాంటి రసాయనాలు ల్యాబుల్లో ఉన్నాయి, మన ఓపీలో రాసిచ్చే దశకి రాలేదు. కాబట్టి దెబ్బ కింది మెట్టు మీద కొట్టాలి. బయటికొచ్చిన ఇంటర్ఫెరాన్ పక్క కణం గ్రాహకానికి తగిలి, జాక్1 అనే ఎంజైమ్ ద్వారా స్టాట్‌లని లేపుతుంది. జాక్‌ని ఆపితే ఆ రెండో అంకం ఆగుతుంది.

మేం ఎంచుకున్నది జాక్‌ని ఆపే బారిసిటినిబ్. ఇంటర్ఫెరాన్ జబ్బులున్న పిల్లల్లో దాని వాడకం మీద 2018లో మంచి అనుభవం ప్రచురితమైంది. ఇంకో కారణం కూడా ఉంది, దొరకడం. 2021 మేలో కోవిడ్ రెండో వేవ్ ఉధృతంగా ఉన్నప్పుడు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ రెమ్‌డెసివిర్‌తో కలిపి వాడటానికి బారిసిటినిబ్‌కి అత్యవసర అనుమతి ఇచ్చింది. హైదరాబాద్‌కి చెందిన నాట్కోతో పాటు డాక్టర్ రెడ్డీస్, ఎమ్‌ఎస్‌ఎన్ లాంటి కంపెనీలు తయారీకి దిగాయి. అప్పటిదాకా అంతగా వినిపించని మందు మన మెడికల్ షాపుల దాకా వచ్చింది. వైరస్‌తో చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకి ఇంటర్ఫెరాన్ దారిని ఆపే మందు ఇవ్వడమేమిటని అప్పట్లో చాలామంది అడిగారు. జబ్బు ఏ దశలో ఉందన్నదే అక్కడ తేల్చేది.

మొదలుపెట్టే ముందు టెన్షన్ పెట్టింది టీబీ. ఆరు నెలల కోర్సు పూర్తయింది, ఇగ్రా (టీబీ రక్త పరీక్ష) నెగెటివ్, కల్చర్ నెగెటివ్. అయినా మూడు నెలలకోసారి ఎక్స్‌రే పెట్టుకున్నాం. చికెన్‌పాక్స్ టీకా పడలేదు. అది లైవ్ టీకా, అంత స్టెరాయిడ్ మీద ఉన్న పిల్లకి వేయలేం. అందుకని ఇంట్లో, స్కూల్లో ఎవరికైనా ఆటలమ్మ వస్తే అదే రోజు ఫోన్ చేయమని రాసిచ్చాం. యాంటీవైరల్ దారిని మనమే సగం మూసేస్తున్నాం కాబట్టి ఈ జాగ్రత్త తప్పదు. బారిసిటినిబ్ ఎక్కువగా కిడ్నీ ద్వారానే పోతుంది, ఇంటర్ఫెరాన్ జబ్బుల పిల్లల్లో కిడ్నీలో దాక్కునే బీకే వైరస్ తలెత్తడం చూశారు. అందుకే క్రియాటినిన్, మూత్రంతో పాటు బీకే వైరస్ పరీక్ష కూడా వరసలో పెట్టాం.

కీళ్ళు మొదటి నెలలోనే నెమ్మదించాయి. పొద్దున బ్రష్ గొడవ పోయింది. మూడో నెలకి హిమోగ్లోబిన్ 10 దాటింది, ఐరన్ మోతాదు పెంచకుండానే. నాకు అన్నిటికంటే నమ్మకం కలిగించిన అంకె అదే, ఎందుకంటే లోపల రక్తం కారడం ఆగితేనే అది పెరుగుతుంది. స్టెరాయిడ్‌ని మెల్లగా తగ్గిస్తూ చాలా చిన్న మోతాదుకి తెచ్చాం. నడక పరీక్షలో ఆక్సిజన్ ఇప్పుడు 93 కంటే కిందికి పోవడం లేదు.

సీటీ మాత్రం పెద్దగా మారలేదు. నీడలు తగ్గాయి, గాలి సంచులు అలాగే ఉన్నాయి. ఆశ్చర్యం లేదు. మచ్చపడిన ఊపిరితిత్తిని ఏ మందూ వెనక్కి తేదు. పైగా స్టింగ్ ఇంటర్ఫెరాన్‌తోనే పనిచేయదు. ఎన్‌ఎఫ్ కప్పా బీ అనే మరో ఇన్‌ఫ్లమేషన్ దారి ఉంది, టీ కణాల మీద నేరుగా పడే ప్రభావం ఉంది. సావి మార్పు పెట్టిన ఎలుకల్లో ఐఆర్‌ఎఫ్3ని తీసేసినా ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. జాక్ మందుతో కీళ్ళు మెరుగైనంతగా ఊపిరితిత్తులు మెరుగుపడవని కుటుంబానికి మొదటి రోజే చెప్పడం మంచిది. మేం చెప్పాం.

నాన్నకెందుకు రాలేదు?

ఈ ప్రశ్న నానమ్మే అడిగింది. నాకుంది, మనవరాలికుంది, మధ్యలో వాడెలా తప్పించుకున్నాడు? కోపా మార్పు ఒక్క ప్రతి ఉంటే చాలు జబ్బు రావడానికి, కానీ ఉన్నవాళ్ళందరికీ రాదు. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలోనే ఎక్కువగా బయటపడుతుందని మొదటి నుంచీ గమనిస్తున్నారు. 2025లో దీనికి ఒక మంచి జవాబు దొరికింది. స్టింగ్‌లో హాక్ అనే రకం ఒకటి ఉంది, మూడు చోట్ల తేడా ఉంటుంది, జనంలో అరుదేమీ కాదు, స్పందన కాస్త మందం. కోపా మార్పు మోస్తూ కూడా జబ్బు రాని వాళ్ళలో ఈ హాక్ కనిపించింది, అది కాపాడుతోందని కణాల్లో చేసిన పరీక్షలూ చెప్పాయి. గాల్జీలో నిలిచిపోయే స్టింగే మందకొడిది అయితే గొడవ చేయదన్నమాట.

నాన్న ఎక్సోమ్ డేటా మా దగ్గర ఉంది కాబట్టి మళ్ళీ తెరిపించి చూశాం. ఆయనలో ఒక ప్రతి హాక్ ఉంది. పాపకి ఆయన నుంచి కోపా మార్పు వచ్చింది, హాక్ రాలేదు. రెండు జన్యువులూ వేర్వేరు క్రోమోజోముల మీద ఉంటాయి, కోపా ఒకటో దాని మీద, స్టింగ్ ఐదో దాని మీద. అందుకే విడివిడిగా పంచబడతాయి.

ఇక తేలాల్సింది తమ్ముడి విషయం. రెండేళ్ళవాడు. కోపా మార్పు వచ్చే అవకాశం సగానికి సగం, వచ్చినా హాక్ కూడా వచ్చి ఉండొచ్చు. ఏ లక్షణమూ లేని పిల్లవాడికి జన్యు పరీక్ష చేయాలా వద్దా అన్నది మామూలుగా నేను తల్లిదండ్రులకే వదిలేస్తాను. ఈ జబ్బులో మాత్రం చేయించమనే చెప్తాను, ఎందుకంటే చాలామందిలో ఐదేళ్ళలోపే మొదలవుతుంది, ఊపిరితిత్తిలో రక్తస్రావం చప్పుడు లేకుండా వస్తుంది. అమ్మ, నాన్న ఒప్పుకున్నారు. నానమ్మ ఒప్పుకోలేదు. "గుండ్రాయి లెక్కున్నడు, వాడికెందుకు సూదులు?" అంటోంది. ఆ ఇంట్లో ఆవిడ మాట దాటరు. అందాకా ఆరు నెలలకోసారి హిమోగ్లోబిన్, ఆక్సిజన్, కీళ్ళు చూస్తున్నాం. దగ్గు రెండు వారాలు దాటితే కాఫ్ సిరప్ పోయకుండా నేరుగా మా దగ్గరికే తీసుకురమ్మని అక్క ఫైలు అట్ట మీదే పెద్ద అక్షరాలతో రాసి పంపాను.